కడుపు నొస్తంది సిస్టర్

భద్రాచలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఏ ఆశ్రమ పాఠశాలకు వెళ్లినా, ఏ గురుకులానికి వెళ్లినా, పొద్దున ప్రార్థన గంటకు ముందు నర్సు గది దగ్గర ఒక చిన్న వరస కనిపిస్తుంది. ఆ వరసలో ఎక్కువగా వినిపించే మాట ‘కడుపు నొస్తంది సిస్టర్’. మూడో తరగతి పిల్లాడూ అదే అంటాడు, పదో తరగతి అమ్మాయీ అదే అంటుంది. వెనక సంగతులు మాత్రం వేరు వేరు. రాత్రి అన్నం సరిగా తినలేదు. ఇవాళ లెక్కల పరీక్ష ఉంది. నిన్న ఆదివారం అమ్మానాన్నా వచ్చి చూసిపోయారు. నులిపురుగులు. నెలసరి. అపెండిసైటిస్. వీటన్నిటికంటే అరుదుగా, రాత్రి నిద్రలో కట్లపాము కరిచింది, ఆ సంగతి పిల్లాడికే తెలీదు.

ప్రార్థన ముగిసేలోపు ఈ వరస తేలిపోవాలి. ఎవరు క్లాసుకు, ఎవరు సిక్ రూములో మంచం మీదికి, ఎవరు ఇప్పుడే బండెక్కి ఆసుపత్రికి. బడి నర్సు పనితనం చాలామటుకు ఈ వేరుచెయ్యడంలోనే ఉందని నా నమ్మకం. ఆమె బీరువాలో గొప్ప మందులేం ఉండవు. పారాసిటమాల్, ఓఆర్ఎస్ పొట్లాలు, జింక్, ఐరన్ గోలీలు, గజ్జి లేపనం, దూది, స్పిరిట్, మలేరియా పరీక్ష కిట్లు. వీటితో నెట్టుకురావాల్సింది కొన్ని వందల మంది పిల్లలున్న హాస్టల్‌ని.

కడుపునొప్పినే తీసుకుందాం. ఆమె వెంటనే కడుపు మీద చెయ్యి వెయ్యదు. ‘ఏడ నొస్తంది? ఒక్క వేలుతోటి చూపెట్టు’ అంటుంది. అరచెయ్యంతా బొడ్డు చుట్టూ తిప్పినవాడి గురించి అంత గాబరా అక్కర్లేదు. వేలు బొడ్డుకు ఎంత దూరాన, ఎంత కచ్చితంగా ఆగితే అంత జాగ్రత్తపడాలి. ఇది బ్రిటన్‌లో పిల్లల వైద్యుడు జాన్ ఆప్లే 1950లలో బడిపిల్లల కడుపునొప్పులను పరిశీలించి చెప్పిన సూత్రం. ఆయన పేరు విననివాళ్లు కూడా దీన్ని వాడుతూనే ఉంటారు. తర్వాత మంచం మీద పడుకోబెట్టి మోకాళ్లు మడిపిస్తుంది. తన అరచేతులు రెండూ రుద్దుకుంటుంది. చల్లటి చెయ్యి తగిలితే కడుపు దానంతటదే బిగుసుకుపోతుంది, అప్పుడు లోపలి బిగుతేదో పైబిగుతేదో తెలీదు. నొప్పి లేదన్న వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా నొక్కుకుంటూ వస్తుంది. నొక్కుతున్నంతసేపూ చూపు కడుపు మీద ఉండదు, మొహం మీద ఉంటుంది. ‘నొస్తందా’ అని అడిగితే ఏ పిల్లయినా ఊ అనే అంటుంది. నుదురు ముడిపడిందా లేదా అన్నదే లెక్క.

ఇంకా అనుమానం ఉంటే లేపి నిలబెట్టి, కుడికాలి మీద ఒంటికాలి గెంతు వెయ్యమంటుంది. తొక్కుడుబిళ్ల ఆటలోలా గెంతి నవ్వేస్తే సగం భయం తీరినట్టే. గెంతలేక నడుం వంచి కుడిపక్క పట్టుకుంటే వార్డెన్‌కు కబురు వెళ్తుంది. అలాంటి పిల్లకు ఆసుపత్రి చేరేదాకా నోటికేమీ పెట్టరు. ‘కొంచెం పాలన్నా తాగనీ మేడం’ అని వంటామె బతిమాలినా సరే.

గెంతి నవ్వినవాడి సంగతి కూడా అంతటితో అయిపోదు. ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతిలో చేరేవాడికి ఎనిమిదేళ్లు. గుండాల అవతలి గూడెం నుంచో, దుమ్ముగూడెం అడవి లోపలి నుంచో జూన్‌లో వస్తాడు. ఇంట్లో కోయ మాట్లాడతాడు, బడిలో తెలుగు వినిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయ కుటుంబాల పిల్లలకైతే తెలుగు మరీ కొత్త. బెంగ అన్న మాట వాడికి తెలీదు, తెలిసినా చెప్పుకోడు. కడుపునొప్పి అంటాడు. మంచి నర్సు దాన్ని దొంగనొప్పి అనదు. బెంగకు కడుపు నిజంగానే నొస్తుంది. దూది ఉండలు చెయ్యమనో, ఓఆర్ఎస్ పొట్లాలు పదేసి లెక్కపెట్టి కట్టమనో పని చెప్పి పక్కన కూర్చోబెట్టుకుంటుంది. ఎనిమిదో తరగతి కోయ పిల్లనొకదాన్ని పిలిచి వాడి భాషలో రెండు మాటలు మాట్లాడిస్తుంది. ఆ పెద్దపిల్ల లేకపోతే ఆమె పనిలో సగం సాగదు. ఈ దుబాసీ పనికి ఎక్కడా పోస్టు లేదు, జీతమూ లేదు.

వరస చివర నిలబడి, తన వెనక వచ్చినవాళ్లనందరినీ ముందుకు పంపించే అమ్మాయి ఒకతి ఉంటుంది. ఆమెను నొప్పి ఎక్కడని అడగరు. వరసలో తను ఎంచుకున్న చోటే జవాబు. మిగతావాళ్లు పోయాక తలుపు దగ్గరికేసి మాట్లాడతారు.

కట్లపాము సంగతి వేరు. తాచు కరిస్తే వాపు, నొప్పి కనిపిస్తాయి. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, కోరల గాటు కనిపించీ కనిపించకుండా ఉంటుంది, వాపు దాదాపు ఉండదు. తెల్లవారుజామున పిల్లాడు లేచి కడుపునొప్పంటాడు, వాంతి చేసుకుంటాడు. రాత్రి తిన్న కూర పడలేదనుకోవడం ఎవరికైనా సహజం. అందుకే వేకువన వచ్చిన కడుపునొప్పికి నర్సు ఒక పని అదనంగా చేస్తుంది. తన వేలు పైకెత్తి ‘దీన్నే చూస్తుండు, తల ఎత్తొద్దు’ అంటుంది. మామూలు పిల్లాడు విసుగొచ్చేదాకా చూస్తాడు. విషం ఎక్కినవాడి రెప్పలు మెల్లగా బరువెక్కి వాలిపోతాయి. ఉమ్మి మింగమంటే మింగలేడు. అప్పుడిక కట్టుకట్టడం, కోయడం, నీళ్లు తాగించడం ఏవీ ఉండవు. కదలకుండా పడుకోబెట్టి, 108కి ఒక ఫోను, విరుగుడు సూదిమందు సిద్ధంగా ఉంచమని ఆసుపత్రికి మరో ఫోను.

రాత్రి పడకల వేళ ఆమె డార్మెటరీలో దోమతెరల అంచులు పరుపు కిందికి దోపించుకుంటూ తిరగడం చూస్తే చాదస్తం అనిపిస్తుంది. ఆ అంచు లోపలికి ఉంటే దోమా రాదు, పామూ రాదు. తెర కట్టి అంచు వేలాడదీస్తే రెండూ వస్తాయి.

దోమ గురించి ఈ ప్రాంతంలో ఎంత చెప్పినా తక్కువే. చర్ల, దుమ్ముగూడెం అడవులు మలేరియాకు పాత స్థావరాలు. అందులోనూ మెదడుకెక్కే ఫాల్సిపారం రకం ఉంది. కాబట్టి జ్వరం అనగానే ఇక్కడి నర్సు చెయ్యి కిట్ మీదికి పోతుంది. ఆ పరీక్ష చెయ్యడంలో చేతినేర్పు చూడాలి. ఎడమచేతి ఉంగరం వేలు పట్టుకుని మొదలు నుంచి కొసకు రెండుసార్లు ఒత్తుతుంది, నెత్తురు కొసకు చేరాలని. స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరేదాకా ఆగుతుంది. తడిమీద గుచ్చితే బొట్టు నిలవక పారిపోతుంది, మంట కూడా ఎక్కువ. వేలి మధ్యలో గుచ్చదు, పక్కన గుచ్చుతుంది. రేపు పలక పట్టుకోవాల్సిన వేలు కదా. మొదటి బొట్టు తుడిచేసి రెండోదాన్ని తీసుకుంటుంది. కిట్ మీద బొట్టు, తర్వాత మందునీళ్ల చుక్కలు, పైన పెన్నుతో పిల్లాడి పేరు, టైము. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి చూడాలి. తొందరపడి ముందే చూస్తే సన్నగీత ఇంకా తేలి ఉండదు. గంట తర్వాత చూస్తే లేని గీత ఉన్నట్టు కనిపించవచ్చు. ఒకేసారి ఆరుగురికి జ్వరం వచ్చిన రోజున ఆరు కిట్లు, ఆరు పేర్లు, ఆరు టైములు బల్లమీద వరసగా ఉంటాయి.

ఫాల్సిపారం గీత కనిపిస్తే మందు మూడు రోజులు. ఆ మందు అట్టలకు వయసును బట్టి రంగులున్నాయి: అయిదు నుంచి ఎనిమిదేళ్లవాళ్లకు ఆకుపచ్చ, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లవాళ్లకు ఎరుపు. పరగడుపున ఇవ్వదు. మింగించాక అరగంట తన ఎదుటే కూర్చోబెట్టుకుంటుంది, వాంతయితే మళ్లీ ఇవ్వాలి కాబట్టి. రెండో రోజుకే జ్వరం దిగి పిల్లాడు ఆటకు పారిపోతాడు. మూడో రోజు మాత్ర చేతిలో పట్టుకుని వాణ్ని కబడ్డీ కోర్టులో వెతికి మింగించడం కూడా ఈ పనిలో భాగమే.

ఇంత చేసినా మధ్యాహ్నం తర్వాత అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. సిక్ రూములో ఉన్నవాళ్లలో రాత్రి ఎవరిని ఉంచుకోవచ్చు, ఎవరిని ఉంచుకోకూడదు? చర్ల నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రి సుమారు 60 కిలోమీటర్లు. ఆ ఆసుపత్రికి మన మండలాల వాళ్లే కాదు, అటు సుక్మా వైపు నుంచి, ఇటు చింతూరు, కూనవరం నుంచి కూడా జనం వస్తారు. పగలు పంపితే డాక్టరు చూస్తారు, పరీక్షలవుతాయి. అర్ధరాత్రి అడవిదారిన బండి దొరకడమే ఒక యుద్ధం. అందుకని సాయంత్రం నాలుగింటికి ఆమె మళ్లీ ఒకసారి అందరికీ థర్మామీటర్ పెడుతుంది. పొద్దున 100 ఉండి ఇప్పుడు 101 అయినవాడి కంటే, పొద్దున 102 ఉండి ఇప్పుడు 99కి దిగినా అన్నం వద్దంటూ గోడవైపు తిరిగి పడుకున్నవాడి గురించే ఎక్కువ ఆలోచిస్తుంది. అంకె తగ్గడం వేరు, పిల్లాడు తేరుకోవడం వేరు. నిన్న ఆ పిల్లాడు ఎలా ఉన్నాడో తెలిసినవాళ్లకే ఇవాళ తేడా కనిపిస్తుంది. ఎంత పెద్ద డాక్టరైనా ఆ పిల్లాణ్ని అదే మొదటిసారి చూస్తారు.

వానాకాలంలో ఈ లెక్క ఇంకా ముందుకు జరుగుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. 1986లో 75 కూడా దాటింది. ఆ అంకెలు వినాల్సిన అవసరం కూడా ఒక్కోసారి ఉండదు. తాలిపేరు ప్రాజెక్టు గేట్లు ఎత్తినా, తూరుబాక దగ్గర రోడ్డు మీదికి నీళ్లు వచ్చినా చర్ల వైపు రాకపోకలు తెగిపోతాయి. జూన్‌లోనే పీహెచ్‌సీకి వెళ్లి రెండు నెలల మందులు పట్టుకొచ్చుకునే నర్సుకు ముందుచూపు ఉందని మెచ్చుకుంటాం గానీ, ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లు ఇంకోలా చెయ్యలేరు.

గజ్జి గురించి రాయడానికి పత్రికలు ఇష్టపడవు. హాస్టల్ జీవితాన్ని గజ్జి కంటే ఎక్కువగా పాడుచేసే జబ్బు మరొకటి లేదు. రాత్రంతా దురద, నిద్ర లేదు, పొద్దున క్లాసులో తూగు, సారుతో తిట్లు. జ్వరం గోలీ కోసం చెయ్యి చాపినప్పుడే నర్సు ఆ పిల్ల వేళ్ల సందులు చూసేస్తుంది. సంకురాత్రి సెలవులకు, దసరాకు, మేడారం జాతరకు ఇళ్లకు వెళ్లి వచ్చిన మర్నాడు చేతులన్నీ చూస్తుంది. ఒక్కరికి కనిపిస్తే ఆ గదిలో అందరికీ ఒకే రాత్రి మందు. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, నడుం చుట్టూ వదలకుండా పూయాలి. శనివారం రాత్రి పూస్తే ఆదివారం పొద్దున స్నానాలు, దుప్పట్లు ఉడకబెట్టడం, ఎండలో ఆరెయ్యడం. ఉడకబెట్టలేనివాటిని ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి మూడు రోజులు పక్కన పెడితే పురుగు ఒంటి వేడి దొరక్క చస్తుంది. వారం తర్వాత ఇంకోసారి. పదిమందికి పూసి పదకొండోవాణ్ని వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కాబట్టి ఆ శనివారం ఎవరూ తప్పించుకోకుండా చూడటం మందు కంటే ముఖ్యం.

గజ్జి ఉన్న పిల్లను ఇంటికి పంపెయ్యడం సులువు. ఆ సులువు దారి ఎక్కడికి పోతుందో ప్రపంచానికి 120 ఏళ్ల కిందటే తెలిసింది. న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు వచ్చి పేలు, తామర, కళ్లకలక ఉన్న పిల్లలను ఏరి ఇళ్లకు పంపేవాళ్లు. ఇంటి దగ్గర వైద్యం ఉండదు. పిల్లలు వీధుల్లో అదే స్నేహితులతో ఆడుకుని, జబ్బు తగ్గకుండానే తిరిగొచ్చేవాళ్లు, లేకపోతే రావడమే మానేసేవాళ్లు. 1902 అక్టోబరులో లినా రోజర్స్ అనే నర్సును నాలుగు బడులకు నెలపాటు ప్రయోగంగా ఇచ్చారు. ఆమె పిల్లలను పంపకుండా బడిలోనే కడిగి మందు పూసింది, ఇళ్లకు వెళ్లి తల్లులకు చూపించింది. 1902 సెప్టెంబరులో న్యూయార్క్‌లో 10,567 మంది పిల్లలను బడి నుంచి పంపించేస్తే, ఏడాది తిరిగేసరికి అదే నెలలో ఆ సంఖ్య 1,101కి పడింది. మన దేశంలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు మొదలైంది 1909లో, బరోడాలో. పరీక్ష వచ్చినంత తొందరగా నర్సు రాలేదు. మన ఏజెన్సీలో ఇప్పటికీ గజ్జితో ఇంటికి వెళ్లిన పిల్ల పదిహేను రోజులకు తిరిగొస్తే అదృష్టం. పత్తి ఏరేటప్పుడో మిరపకాయ కోతలప్పుడో వెళ్తే ఇక రాకపోవచ్చు.

ఏడాదికోసారి ఆర్‌బీఎస్‌కే బృందం బడికి వస్తుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఫార్మసిస్టు, ఏఎన్ఎం ఆ బండిలో ఉంటారు. వాళ్లకు ఉండేది ఒక పూట. ఆ పూట ఎవరిని ముందు చూపించాలో నర్సు జాబితా రాసి పెట్టుకుంటుంది. బోర్డు మీది అక్షరాల కోసం మెడ ముందుకు చాచేవాడు, రెండు నెలలుగా బరువు పెరగనివాడు, ఆటలో మిగతావాళ్ల కంటే ముందే కూర్చుండిపోయే పిల్ల. చూపు పరీక్ష ముందే తనే చేసేస్తుంది. వరండాలో 20 అడుగులు కొలిచి గీత గీసి, అక్షరాల చార్టు కాకుండా నాలుగు దిక్కులకూ తిరిగిన ‘ఈ’ గుర్తుల చార్టు కడుతుంది. వేళ్లు ఎటు తిరిగాయో చేత్తో చూపిస్తే చాలు, ఇంగ్లీషు రానక్కర్లేదు. రెండో కన్ను వేళ్లతో కాదు, గుంటచేసిన అరచేత్తో మూయాలి. వేళ్ల సందుల్లోంచి తొంగిచూడని పిల్లాడు ఈ భూమ్మీద లేడు. వెనక వరసను అటు తిప్పి నిలబెడుతుంది, లేకపోతే ముందువాడి జవాబులు పాఠంలా అప్పజెప్పేస్తారు.

సోమవారం అన్నాలయ్యాక ఐరన్ గోలీ. పెద్దపిల్లలకు నీలం, చిన్నవాళ్లకు గులాబీ రంగు. ‘దొడ్డికి నల్లగా పోతది, భయపడకండి’ అని మొదటి వారమే చెప్పెయ్యాలి. చెప్పని చోట గోలీలు కిటికీ అవతల గడ్డిలో దొరుకుతాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల గోలీ. ఇదంతా ప్రభుత్వం పంపిన క్యాలెండరే. క్యాలెండర్‌లో లేనిది ఇంకొకటుంది. కింది రెప్ప లాగి చూస్తే పాలిపోయిన పిల్లలు ఈ ప్రాంతంలో చాలామంది. తిండి చాలక కావచ్చు, కొంకి పురుగు కావచ్చు, పదేపదే వచ్చిన మలేరియా కావచ్చు, సికిల్ సెల్ కావచ్చు. మొదటిదానికి ఐరన్ మందు. చివరిదానికి డాక్టరు చెప్పకుండా ఐరన్ ఇవ్వకూడదు. నాలుగింటికీ రెప్ప ఒకేలా తెల్లగా ఉంటుంది.

సికిల్ సెల్ వ్యాధిని మన దేశంలో మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. దీన్ని నిర్మూలించడానికి కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్లలోపు వాళ్లను ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. కోయల్లోనూ ఈ జన్యువు ఉంది. బడిలో నెత్తురు తీసుకుని పరీక్ష చేసి కార్డులిచ్చి వెళ్తారు. జన్యువును మోసేవాళ్లు వేరు, జబ్బున్నవాళ్లు వేరు. ఆ తేడా చెప్పకపోతే ఇద్దరికీ ఒకే ముద్ర పడుతుంది, అమ్మాయిలకైతే అది పెళ్లి మాటల దాకా పోతుంది. అందుకని ఆ పేర్లు గోడమీది చార్టులో ఉండవు, ఆమె బీరువాలోని చిన్న నోటుబుక్కులో ఉంటాయి.

జబ్బున్న పిల్లకు చలి, దాహం, ఆయాసం, జ్వరం నాలుగూ శత్రువులే. డిసెంబరులో తెల్లవారుజామున బోరునీళ్ల స్నానం వద్దని వర్కర్‌కు చెప్పాలి. ఎండలో పరుగు పందెం శిక్ష వెయ్యొద్దని పీఈటీ సారుకు చెప్పాలి, ఎందుకో పూర్తిగా చెప్పకుండానే చెప్పాలి. క్లాసులో నీళ్ల సీసా బల్లమీద ఉండనివ్వమని, మాటిమాటికీ ఒంటికి వెళ్లనివ్వమని టీచర్లందరికీ చెప్పాలి. ఆ పిల్ల ‘కడుపు నొస్తంది’ అంటే వరసలో నిలబెట్టకూడదు, ఎడమపక్క ప్లీహం ఉబ్బిందేమో ముందు చూడాలి. మెడలో నాటువైద్యుడు కట్టిన తాయెత్తు ఉంటే ఉండనిస్తుంది. దాన్ని తెంపితే మళ్లీ ఆదివారం వచ్చే తల్లి మందులు కూడా వద్దంటుంది.

ఈ పనికి ఇస్తున్న విలువ చూస్తే కోపం వస్తుంది. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఇదే పని చేసే ఏఎన్ఎంలు కాంట్రాక్టు మీదే ఉంటారు. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 750 మంది పిల్లలకు ఒక నర్సు చొప్పున ఉండాలన్నది చాలాకాలం ప్రమాణం. అయితే ఆ పిల్లలు మూడింటికి ఇళ్లకు పోతారు. ఇక్కడివాళ్లు రాత్రి కూడా ఆమె దగ్గరే ఉంటారు. పగలంతా చూసినవన్నీ రాత్రి రిజిస్టర్లో ఎక్కించి, మళ్లీ ఫోన్లో ఎక్కించాలి. తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టరు తిరగేసి ‘అన్నీ తలనొప్పి, పారాసిటమాలేనా’ అని వెక్కిరిస్తారు. పంపాల్సినవాణ్ని పంపబట్టే మిగతా పేజీలు అంత చప్పగా ఉన్నాయని వాళ్లకు తట్టదు.

పదో తరగతి అయ్యాక ఆ సికిల్ సెల్ పిల్ల ఇంటర్‌కు కొత్తగూడెమో ఖమ్మమో పోతుంది. టీసీ, మార్కుల మెమో పద్ధతి ప్రకారం వెళ్తాయి. ఈ సంగతిని కొత్త చోటికి చేర్చే పద్ధతి చేతిరాతే. నర్సు ఒక తెల్లకాగితం మీద కార్డు నంబరు, రోజూ వేసుకునే మందు, చివరిసారి ఆసుపత్రిలో ఉన్న తేదీలు, జ్వరం 101 దాటితే తెల్లారేదాకా ఆగకుండా పంపాలన్న మాట రాసి, కార్డు జిరాక్సుతో కలిపి పిన్ను కొట్టి ఇస్తుంది. ‘హాస్టల్ల దిగిన రోజే సిస్టరుకియ్యి, నీ దగ్గర ఇంకోటి పెట్టుకో’ అని రెండు కాపీలు చేతిలో పెడుతుంది.